నాన్న బండి కిక్కు... నా బలం

మా చిన్నప్పుడు అమ్మ పప్పులోకి తాలింపు పెట్టాలంటే ముందు నాన్న బండి చప్పుడు వినబడాలి... ఊరి బయట చప్టా దగ్గర 'టిక టిక టిక' అనగానే గరిటెలో నూనె పోసేది. నాన్న చెప్పులు విడిచి లోపలికొచ్చేసరికి ఇల్లంతా ఎండుమిరపకాయల ఘాటు. తుమ్ముకుంటూనే అన్నానికి కూర్చునేవాళ్ళం.

నాన్న అద్దంకి దగ్గర ఒక పల్లెలో పాస్టరు. చుట్టుపక్కల ఊళ్ళ ప్రార్థనలూ, పెళ్ళిళ్ళూ అన్నీ ఆ పాత బండి మీదే. ఆ టిక టిక టాపెట్ల చప్పుడని మెకానిక్ మస్తాన్ మావ చెప్పేవాడు. ఇంజన్‌లో వాల్వులకీ, వాటిని నొక్కే మీటలకీ మధ్య కాగితమంత సందు ఉంటుందట... మీట ఆ సందు దాటి వాల్వుని తాకినప్పుడల్లా ఒక టిక్కు.

నాకేమో ఆ బండి కిక్కు కొట్టాలని మహా పిచ్చి. పొద్దున్నే స్టాండు వేసున్న బండెక్కి, రెండు కాళ్ళూ కిక్కు మీదే పెట్టి నిలబడేదాన్ని. అది ఒక్క అంగుళం కూడా దిగేది కాదు. నాన్న నవ్వుతూ నన్ను దించి, ఒక్క తన్ను తన్ని వెళ్ళిపోయేవారు.

అక్క పదో తరగతి చదివే ఏడు... కళ్ళాల నిండా మిరపకాయలు ఎర్రగా ఆరబోసిన రోజులు. ఒకరోజు ఎప్పటిలాగే ఎక్కి నిలబడ్డానో లేదో, కిక్కు కిందికి దిగిపోయింది! నా ఆనందం చూడాలి... వీధంతా కేకలు పెట్టుకుంటూ తిరిగొచ్చాను. "మా బుజ్జికి బలమొచ్చిందండోయ్!" అని అమ్మ మురిసిపోయి ఆ పూట ముద్దలో నెయ్యి ఇంకాస్త వేసింది.

ఆ రోజుల్లోనే ఇంకో వింత. బండి టిక టిక పల్చబడిపోయింది. నాన్న గుమ్మంలోకి వచ్చి నిలబడినా అమ్మకి తెలియలేదు... ఆ రోజు తాలింపు లేని పప్పే తిన్నారు. అయినా ఆయనకి సంతోషమే, ఇంజన్ దానంతటదే సెట్టయిపోయిందని. మస్తాన్ మావ కూడా అదే అన్నాడు.

నాకు మాత్రం అంతుబట్టలేదు. "ఎవరూ బాగు చేయకుండా ఎట్లా బాగైంది నాన్నా?" అని అడిగాను. నవ్వి ఊరుకున్నారు.

కానీ రెండ్రోజులకి, ఎండలో తిరిగొచ్చి మా గేటు దగ్గర నెమ్మది చేయగానే బండి ఆగిపోయింది. అప్పుడు నవ్వలేదు. ఎందుకంటే అక్క పబ్లిక్ పరీక్షలు దగ్గరికొచ్చేశాయి. సెంటర్ అద్దంకిలో. మా ఊరి మొదటి బస్సు పట్టుకుంటే పరీక్ష మొదలయ్యాకే చేరేది... రోజూ ఆ బండి మీదే వెళ్ళాలి. దారిలో ఆగిందంటే అక్క ఏడాది పోయినట్టే. పాపం అక్క, పుస్తకం ఒళ్ళో పెట్టుకుని బండి వంకే చూస్తూ కూర్చునేది.

"నడిచే బండిని ఇప్పుడు కెలకటం ఎందుకు అయ్యగారూ?" అన్నాడు మస్తాన్ మావ. "విప్పాక ఏదన్నా తేడా వస్తే అమ్మాయికి ఇబ్బంది. పరీక్షలయ్యాక చూద్దాం."

అదీ నిజమే కదా... నాన్న ఎటూ తేల్చుకోలేకపోయారు. అమ్మేమో ప్రార్థన చేసుకుని బయల్దేరండి, అంతా ఆయనే చూసుకుంటాడంది.

ఆ సాయంత్రం నాన్న నన్ను వెంటబెట్టుకుని వీధి చివర సుబ్బారావు బాబాయి ఇంటికి తీసుకెళ్ళారు. మిరప రైతు. ఆయనదీ అచ్చం మా బండి లాంటిదే. "దీని కిక్కు కొట్టమ్మా," అన్నారు నాన్న.

ఇంకేం, ధీమాగా ఎక్కాను. నిలబడ్డాను... ఎగిరి దూకాను... ఊహూఁ. కదల్లేదు.

"ఏమ్మే, పొద్దున అన్నం తిన్లేదా?" అని బాబాయి పకపకా నవ్వాడు. నాకు ఏడుపొచ్చేసింది. నాన్న మాత్రం నా తల మీద చెయ్యి వేసి, "బలం నీకు పెరగలేదమ్మా... మన బండికి తగ్గింది," అన్నారు.

ఇక ఆగలేదు. పరీక్షల ముందే విప్పించాలని తేల్చేశారు. అయితే ఆ వాల్వుల సందు చల్లటి ఇంజన్ మీదే చూడాలట. మస్తాన్ మావ కొట్టు దాకా తోలుకెళ్తే వేడెక్కిపోతుంది. అందుకని మర్నాడు తెల్లారగానే ఆయన్నే ఇంటికి పిలిపించారు. ఆయన గొణుక్కుంటూనే మూత విప్పి, సందులోకి పల్చటి ఇనప రేకు పెట్టాడు. ఒక వాల్వు దగ్గర దూరింది. రెండోదాని దగ్గర... ఎంత తోసినా దూరలేదు.

మావ మొహం మారిపోయింది. "సందే లేదండీ అయ్యగారూ! వాల్వు సరిగ్గా మూసుకోక లోపలి గాలి బయటికి పోతోంది, అందుకే కిక్కు అంత తేలిగ్గా దిగింది. ఇట్టాగే తిప్పితే కాలిపోయేది. చప్పుడెక్కువైతే పరిగెత్తుకొస్తాం గానీ, తగ్గితే ఎవరం చూస్తామండీ!"

సందు సరిచేసి మూత బిగించాడు. "ఏదీ, ఇప్పుడు కొట్టమ్మా," అన్నారు నాన్న. వెళ్ళి కిక్కు మీద నిలబడ్డాను. పాత రోజుల్లోలాగే... కదల్లేదు. నవ్వాలో ఏడవాలో తెలియక అలాగే నిలబడిపోతే, అక్క పరిగెత్తుకొచ్చి నన్ను ఎత్తుకుని గిరగిరా తిప్పింది. నా బలం పోయినందుకు అంత సంబరపడిన మనిషిని మళ్ళీ చూడలేదు!

పరీక్షలన్నీ అక్క ఆ బండి మీదే వెళ్ళి రాసొచ్చింది. రోజూ చప్టా దగ్గర టిక టిక వినగానే అమ్మ గరిటె అందుకునేది.

ఇప్పుడు నాది బ్యాటరీ స్కూటీ. వాల్వుల్లేవు, కిక్కూ లేదు, చప్పుడు అసలే లేదు. నాన్నా లేరు... అమ్మ నా దగ్గరే ఉంటుంది. మొన్న ఆఫీసు నుంచి వచ్చి వంటింట్లో వెనకే నిలబడితే ఉలిక్కిపడింది. తర్వాత చల్లారిపోయిన పప్పు వంక చూసి, "ఇట్లా చప్పుడు లేకుండా వస్తే నేను తాలింపు ఎప్పుడు పెట్టేదే?" అంది.

గరిటె తీసి అమ్మ చేతికిచ్చాను...

మీ ఇంట్లో ఎవరి చప్పుడు వినబడితే పొయ్యి దగ్గర గరిటె కదిలేది? ఆ చప్పుడు ఎలా ఉండేదో కాస్త చెప్పరూ... అమ్మకి చదివి వినిపిస్తాను.