బాయి బండికి తెల్ల దీపం

బొగ్గు గనిలో ఎలక్ట్రీషియన్‌గా చేరిన కొత్తలో నాకు పొగరెక్కువ. రెండువేల తొమ్మిది ప్రాంతంలో, కార్మికులను లోపలికి మోసుకెళ్లే చిన్న రైలుకు పసుపు బల్బు తీసేసి ఎల్‌ఈడీ హెడ్‌లైటు బిగించే పని నా ఒక్కడికే అప్పగించారు. కొత్త బిచ్చగాడు పొద్దెరగడంటారు కదా, డ్యూటీ అయిపోయినా ఆ అద్దాన్నే తుడుస్తూ ఉండేవాణ్ణి. మా ఊరు ములకలపల్లి పోయే ఆఖరు ఆటో రెండుసార్లు తప్పిపోయింది.

ఆ రైలు నడిపేది ఒక పెద్దాయన. ఆదివారం చర్చిలో డప్పు వాయించేవాడు, మిగతా ఆరు రోజులు బ్రేకు పట్టేవాడు. ఎవరి పనినీ బాగుందన్న పాపాన పోలేదు. పాత బల్బు మీద నమ్మకం లేక, టోపీకి ఉండాల్సిన దీపాన్ని ఊడదీసి ఎడమచేత్తో ముందుకు చాచి పట్టుకునేవాడు. ఏళ్ల తరబడి అలా పట్టి ఆ భుజం బిగుసుకుపోయింది. ఆ చేయి కిందికి దిగాలని, ఆయన నోట ఒక్క మంచిమాట రావాలని నా పంతం.

మొదటిరోజు లైటు వేయగానే సొరంగం పట్టపగలైంది. బండిలోవాళ్లు ఈలలు వేశారు. నేను ఆయన పక్కనే కూర్చుని మురిసిపోతున్నాను. అంతలో పట్టాల పక్కన ఎదురొస్తున్న నలుగురు గోడవైపు తిరిగిపోయారు. ఆయన బండి ఆపేశాడు.

"ఏమైంది పెద్దనాయనా?"

"మొఖాలు తిప్పుకున్నరు, సూసినవా? బండొస్తున్నదని వాళ్లు సూసిండ్రో లేదో నాకెట్ల తెల్వాలె? మొఖం కనబడకుండ నేను నడప. నీ లైటు నువ్వే తీస్కపో."

అప్పుడుగానీ నా బుర్రకెక్కలేదు. గనిలో ఎదుటివాడి కళ్లలోకి దీపం కొట్టడం తిట్టుతో సమానం. మాట్లాడేటప్పుడు కూడా తల కాస్త పక్కకు తిప్పుకుంటాం. రోజూ నేను పాటించే మర్యాదే అది. బండికి కూడా ఆ మర్యాద నేర్పాలని నాకు తట్టలేదు. తలకొట్టేసినట్టయింది.

లోపల గ్యాస్ అంటుకునే భయం, లైటు పెట్టె తెరవకూడదు. ఇంజనీరును అడిగి, కరెంటు ఆపి, పెట్టెను పట్టి ఉంచే బోల్టులు మాత్రం వదులు చేశాను. బొగ్గు మోసే కన్వేయర్ రబ్బరు బెల్టు పాత ముక్క ఉంటే మా బొగ్గు బాయిలవాళ్లకు చెప్పుల నుంచి కోళ్లగూటి తలుపు దాకా అన్నీ అవుతాయి. ఒక ముక్క వెనక దూర్చి లైటు తల వంచాను. ఇంకో ముక్క పైన చూరులా బిగించాను.

మళ్లీ బయల్దేరాం. వెలుగు పట్టాల మీద బారుగా పరుచుకుంది, నడిచేవాళ్ల ఛాతీ దగ్గర ఆగింది. ముఖాలకు ఆ మిగులు వెలుతురే చాలింది. మలుపులో ఒకతను మావైపు చూసి నవ్వుతూ చేయెత్తాడు.

"వాని మీసం తెల్లబడ్డది! ఇన్నొద్దులు తెల్వనే లేదు" అన్నాడు పెద్దాయన.

"మరి లైటు ఎట్లున్నది?" అని ఆశగా అడిగాను.

"బెల్టు ముక్క మంచిగున్నది."

నాకు నవ్వూ ఉక్రోషమూ ఒకేసారి వచ్చాయి. రెండో మలుపు దాటాక ఆయన చేతిలోని దీపాన్ని టోపీకి తగిలించుకున్నాడు. ఖాళీ అయిన ఆ ఎడమచేతిని ఏం చేయాలో తోచక కాసేపు అలాగే గాల్లో ఉంచాడు. చివరికి తెచ్చి నా భుజం మీద వేశాడు.