ఇరవై ఒక్క రోజుల పంచాయితీ

ముంబై కామాఠిపురాలో, వరస గదుల మా చాల్‌కు ఒక గొప్ప అలవాటుంది. నీళ్ల వంతు దగ్గర్నుంచి గణపతి చందా దాకా ఏదీ ఒక్క ఇల్లు తేల్చుకోకూడదు. ఆదివారం పూట మూడో అంతస్తు గ్యాలరీలో కుర్చీలు వేసి అందరూ కలిసి తేల్చాలి. మొన్న వేసవిలో మా ఇంట్లో పిల్లను చూసుకునే ఆమె సెలవు కూడా అలాగే కుర్చీల ముందుకు వచ్చింది.

ఆమెది పాలమూరు. ఫోరస్ రోడ్డు వెనక అద్దె గదిలో ఉంటుంది. మా తమ్ముడి కూతురిని ఏడాదిగా ఆమే పెంచుతోంది. "చూసుకుంటోంది" అనడం మా బింకం. కాళ్లు చాపి, పిల్లను వాటి మీద పడుకోబెట్టి ఆమె నీళ్లు పోస్తే పిల్ల మూడు గంటలు నిద్రపోతుంది. మేం పోస్తే మూడు ఇళ్లు నిద్రలేస్తాయి.

ఆమె కూతురికి నెలలు నిండాయి. తొలి కాన్పు పుట్టింట్లో జరగాలి. ఈమె వెళ్లకపోతే అక్కడ పుట్టిల్లంటే తాళం వేసిన ఒక గది, అంతే. ఏడాదిలో మొదటిసారి నోరు తెరిచి అడిగింది.

"ఇర్వయొక్క దినాలు పోయొస్తనమ్మా. పగార్ మాత్రం కొయ్యకుండ్రి. బాలింతకు ఇంత పెట్టాలె గద."

అడిగింది మా మరదల్ని. ఈ పిల్లను కని, ఆరు నెలలు ఇంట్లో ఉండి, ఆఫీసు నుంచి పూర్తి జీతం తీసుకున్న మనిషిని. ఆ మనిషి నావైపు తిరిగి, "పంచాయితీల పెడ్దాం వదినా. మనం ఒక్కలమే ఇస్తే అందరు తిడ్తరు" అంది.

చాల్‌లో మరో మూడిళ్లలో పిల్లల్ని చూసే ఆడవాళ్లున్నారు. ఒకరికి ఇస్తే అందరూ అడుగుతారట. "అడిగితే ఏమైతది?" అన్నాను.

"నీ ఎం.ఏ. ఈడ తియ్యకక్కా" అన్నాడు మా తమ్ముడు.

ఆదివారం కుర్చీలు పడ్డాయి. అంతసేపు పిల్లనెవరు పట్టుకోవాలి? ఆదివారం ఆమెకు సెలవు. "ఒక్క గంట వచ్చిపో" అని ఫోన్ చేసింది మరెవరో కాదు, నేనే. ఆమె సెలవు సంగతి తేల్చడానికి ఆమె సెలవునే తినేశాం. ఇంత తెలివి ఏ కాలేజీలోనూ నేర్పరు.

చివరింటి పెద్దాయన మొదలుపెట్టాడు. "మా అమ్మ నన్ను బిల్డింగు పనికాడనే కన్నది. మూడో దినం తట్ట ఎత్తింది. ఎవడిచ్చిండు పగార్?"

ఈ కథ ఆయన ప్రతి గణపతి మండపంలోనూ కన్నీళ్లతో చెబుతాడు. మేం చప్పట్లు కొడతాం. ఆ రోజు ఆ తట్టే కొలబద్ద అయింది.

"ఎవ్వడియ్యలేదని ఏడుస్తున్నవా కాకా, మనం గూడ ఇయ్యొద్దని మురుస్తున్నవా?" అన్నాను.

"గీ నోటికే అత్తగారింట్ల నిలువలే" అంది ఎదురింటావిడ, అందరికీ వినపడేంత మెల్లగా.

ఇరవై ఒకటి పదకొండుకు దిగింది. పూర్తి జీతం సగానికి దిగింది. ఆమె గోడకు ఆనుకుని, పిల్లను భుజాన వేసుకుని అంతా వింటోంది.

"పదకొండు దినాలు, సగం పగార్. ఖతం" అన్నాడు పెద్దాయన.

ఆమె వచ్చి పిల్లను ఆయన ఒళ్లో పెట్టింది. "గంట అయింది కాకా. ఇయ్యాల నా సుట్టి. నా బిడ్డకు నొప్పులొస్తే పంచాయితీని అడిగి పోను. పగార్ ఇచ్చుడు మీ ఇష్టం. మల్ల వచ్చుడు నా ఇష్టం."

మెట్లు దిగింది. పిల్ల కెవ్వుమంది. పెద్దాయన ధోవతి తడిసింది. పిల్ల పొడిగుడ్డలు ఏ పెట్టెలో ఉంటాయో తల్లికి తెలియదు. నాకూ తెలియదు.

మా మరదలు గ్యాలరీ కమ్మీ మీదుగా వంగి అరిచింది. "అవ్వా! ఇర్వయొక్క దినాలు! పూరా పగార్! మల్ల రావాలె మరి!"

కింద నుంచి ఆమె తల ఎత్తింది. "ముందుగాలనే ఇయ్యుండ్రి. రేపు బండెక్కుత."

చెప్పినట్టే, పూర్తి జీతం కొంగున కట్టుకుని సోమవారం బండెక్కింది. మా మరదలు ఆఫీసులో తన పెద్ద మనసు గురించి చెప్పుకుంటోందని విన్నాను.

ఆ తర్వాతి ఆదివారం మళ్లీ కుర్చీలు వేశారు. మిగతా మూడిళ్లలో పిల్లల్ని చూసే ఆడవాళ్లూ సెలవడిగారట. ఆ గంటసేపు పిల్లల్ని పట్టుకోవడానికి ఈసారి ఎవరూ రాలేదు.