మామయ్య మసక చేసిన ఇల్లు

మొన్న డిసెంబరులో, ఇక్కడ ఎండాకాలమూ మామిడికాయల కాలమూ అప్పుడే, మామిడికాయ ముక్కలకు ఆవపిండి పట్టిస్తూ ఉంటే మా మనవరాలు ఫోను పట్టుకుని వంటింట్లోకి వచ్చింది. "అమ్మమ్మా, కదలకు" అని హుకుం జారీ చేసి, టక్కున ఒక ఫొటో తీసి, తెచ్చి నా ముక్కుకు ఆనించింది. నిజం చెప్పొద్దూ, బాగానే ఉన్నాను. నెరిసిన జుట్టు ఒక్కొక్క వెంట్రుకా లెక్కపెట్టేట్టుగా ఉంది, వెనకాల మాత్రం అంతా పాలు ఒలికినట్టు మసక. "చూడు, మెస్ అంతా పోయింది!" అంది సంబరంగా. మెస్సట, అంటే చెత్తాచెదారమట! రెడ్‌హిల్‌లోని ఈ ఇంట్లో పాతికేళ్లుగా పొద్దున లేస్తే నేను తిరిగే వంటిల్లు, మా అత్తగారు ఓడ మీద పంపిన జాడీలు, ఉల్లిపాయల బుట్ట, కాలెండరు, అన్నీ ఆ పిడికెడు పిల్లకు మెస్సు. ఇంకోసారి తియ్యవే, వెనకాలవి కూడా కనపడేట్టు తియ్యి అన్నాను. అలా ఎందుకు అని అడిగింది. ఎందుకో చెప్పాలంటే మామయ్య సంగతి చెప్పాలి, అది ఆరేళ్ల పిల్లకు చెప్పే సంగతి కాదు. అందుకని మీకు చెబుతున్నాను.

మామయ్య అంటే నాకు చుట్టం కాదు. ఇక్కడ తెల్లవాళ్ల రాజ్యం పోయి కొత్త ప్రభుత్వం వచ్చిన మరుసటి ఏడు, మా ఆయనకు టోంగాట్‌లో చక్కెర మిల్లులో కెమిస్టు ఉద్యోగం దొరికి అనకాపల్లి నుంచి వచ్చి పడ్డాం. చేతిలో రెండు పెట్టెలు, చంకలో ఏడాది పిల్ల. ఇక్కడి మనవాళ్ల పేట ఫీనిక్స్‌లో ఒక ఇంటి వెనక పెరట్లో ఒంటి గది అద్దెకు దొరికింది. ఔట్‌బిల్డింగ్ అంటారు ఇక్కడ. పైన రేకులు, పక్కన బట్టలుతికే తొట్టి, ఎండాకాలం లోపల కూర్చుంటే అప్పడాల్లా వేగిపోయేవాళ్లం. ముందు ఇంట్లో ఉండేది మామయ్యా, ఆయన అక్కగారూ. ఆయనకు అరవై దాటాయి, భార్య పోయింది, పిల్లలు లేరు. అక్కగారు, నేను పెద్దమ్మ అనేదాన్ని, డెబ్భై దాటిన మనిషి, చిన్నప్పుడే భర్త పోయి తమ్ముడి దగ్గరే ఉండిపోయింది. వాళ్ల తాతలు చెరకు తోటల్లో కూలికి ఓడెక్కి వచ్చినవాళ్లు. మామయ్యకు ఇంగ్లీషు తప్ప పెద్దగా రాదు, తెలుగు వింటే అర్థమయ్యేది గానీ నోట పలికేది తిండి పేర్లూ, తిట్లూ, అక్కను అప్పా అనే పిలుపూ. పెద్దమ్మకు మాత్రం మా బామ్మ మాట్లాడిన మాటే, మాసికలు పడి, చిల్లులు పడి, మిగిలి ఉండేది. మొదటి రోజు నన్ను చూసి "ఏటమ్మీ, అన్నం తిన్నావేటి?" అంది చూశారూ, సముద్రం దాటి వచ్చాక అప్పటికి నాకు ఏడుపొచ్చింది.

మామయ్యది ఫొటోల పని. ముందు గదే స్టూడియో. ఇక్కడి మనవాళ్లలో నలభై ఏళ్లుగా పెళ్లి చూపులకు పంపే ఫొటో అంటే ఆయనే తియ్యాలి, ఎందుకంటే వెనకాల ఉన్నది ఏదీ కనపడకుండా తీసేవాడు. ఆ విద్య నాకూ నేర్పాడు. లెన్సు లోపల రేకులతో చేసిన చిన్న కిటికీ ఉంటుంది, దాన్ని బార్లా తెరిస్తే లెన్సు చూపు కుదిరినచోట ముఖం ఒక్కటే నిలుస్తుంది, ముందూ వెనకా కరిగిపోతుంది. బాగా మూస్తే దగ్గరదీ దూరందీ అన్నీ తేటగా పడతాయి, కాకపోతే వెలుతురు చాలదు గనక కెమెరాను మూడు కాళ్ల స్టాండు మీద కట్టేసి, మనిషిని ఊపిరి బిగబట్టమనాలి. చిన్న అంకె వేస్తే పెద్ద కన్నం, పెద్ద అంకె వేస్తే చిన్న కన్నం. ఏ మహానుభావుడు పెట్టాడో ఆ లెక్క! మామయ్య కెమెరాలో ఆ అంకెల రింగు ఎప్పుడూ రెండు అంకె దగ్గరే ఉండేది, తుప్పు పట్టిందేమో అనుకునేదాన్ని. మనుషుల్ని గోడకు పది అడుగులు ఇవతలికి లాగి నిలబెట్టేవాడు. చెక్కలూ రేకులూ కొట్టిన కొంపలు, దండెం మీద చిరిగిన బట్టలు, పక్కనే దొడ్డి, ఇవన్నీ వెనక్కి వెళ్లి ఏదో జమీందారు తోటలా మారిపోయేవి. ఆ ఫొటోలు చూసి ఎంతమంది అత్తవారు మోసపోయారో ఆ దేవుడికే తెలియాలి.

ఆయన పిచ్చికి ఒక్క ఉదాహరణ చాలు. తెల్లా నల్లా అని లేకుండా అందరూ కలిసి మొదటిసారి ఓటు వేసిన రోజు పెద్దమ్మ పొద్దున నుంచి సాయంత్రం దాకా వరసలో నిలబడిందట. వంకర తిరిగి మైదానమంతా నిండిన వరస, నల్లవాళ్లూ మనవాళ్లూ గొడుగులు పంచుకుని నిలబడ్డ వరస. మామయ్య ఫొటో తీశాడు. అందులో పెద్దమ్మ ముక్కుపుడక నిగనిగలాడుతోంది, వెనకాల దేశమంతా మసక. నేను పగలబడి నవ్వాను. నవ్వడానికి నాకేం అర్హత ఉందీ? మా అమ్మకు పంపాలని నేనూ ఆయన చేత ఫొటో తీయించుకున్నాను, గది కనపడకుండా తియ్యి మామయ్యా అని నోరు తెరిచి అడిగి మరీ. పరాయి దేశంలో కూతురు రేకుల గదిలో ఉందని అమ్మకు తెలియకూడదు. ఆయన ఏమీ అడగకుండా నన్ను పది అడుగులు ముందుకు రమ్మన్నాడు. మా అమ్మ ఆ ఫొటో వీధిలో అందరికీ చూపించి, వెనకాల పూలతోట అని చెప్పుకుందట.

ఇలా ఉండగా, పాత రోజుల్లో ఎవరి నేల లాక్కున్నారో వాళ్లు మళ్లీ అడగొచ్చని ప్రభుత్వం చట్టం చేసింది. పెద్దమ్మకు ఆ కబురు గుడిలో ఎవరో చెప్పారు. ఆ సాయంత్రమే నా గదికి వచ్చి చాప మీద కూర్చుని మొత్తం చెప్పింది. ఊరికి ఉత్తరాన ఏటి ఒడ్డున వాళ్లకు మూడెకరాల కూరల తోట ఉండేది. వాళ్ల నాన్న వంగా, బెండా, మిరపా పండించి కొన్న నేల. తన చేతులతో కట్టిన ఇల్లు. ఇది ఇక తెల్లవాళ్ల జాగా అని పాత ప్రభుత్వం వాళ్లు గీత గీసి, లారీలు తెచ్చి, ఇరవై ఏళ్ల కిందట వాళ్లను ఈ ఫీనిక్స్‌లో దింపారు. ఆ రోజు వాన. కాగితాలున్న పెట్టె లారీ మీద తడిసి ముద్దయిపోయింది. వాళ్ల నాన్న ఈ కొత్త ఇంట్లో నాలుగు నెలలు కూడా బతకలేదు. "అయ్య పేరు ఆ నేల మీద మళ్లా రాయాల. అది సూసి నాను పోతాను" అంది పెద్దమ్మ. డబ్బు మాట ఆవిడ నోట ఒక్కసారి కూడా రాలేదు. గడువు దగ్గరపడింది. మామయ్యకు ఇంగ్లీషు మాట్లాడటమే గానీ దరఖాస్తులు రాయడం చేతకాదు, నాకు వచ్చు కాబట్టి ఫారం నింపే పని నా నెత్తిన పడింది.

ఫారంలో ఒకచోట, అక్కడ నివసించినట్టు ఏదైనా ఆధారం ఉంటే జతచేయండి అని ఉంది. నేను ఎగిరి గంతేశాను. కాగితం పోతేనేం, ఇంట్లోనే ఫొటోగ్రాఫరు ఉన్నాడు కదా! మామయ్య పద్దెనిమిదో ఏట కెమెరా పట్టాడు, ఆ ఏటి ఒడ్డు ఇంట్లోనే ఇరవై ఏళ్లు ఫొటోలు తీశాడు. బూట్ల అట్టపెట్టెలు మూడు దింపాం. నేలంతా పరిచాం. పెద్దమ్మ పడుచుతనం, వాళ్ల నాన్న తలపాగా, అమ్మ ఒళ్లో ఎవరి పిల్లో, పండగ నాటి కొత్త బట్టలు. ముఖాలు ఎంత బాగున్నాయంటే కనురెప్పలు లెక్కపెట్టొచ్చు. వెనకాల బూడిద రంగు మసక. ఇంకొకటి తీశాం, మసక. ఇంకొకటి, మసక. రెండు వందల ఫొటోలు తిరగేశాం. ఆ ఇంటికి గోడ ఉన్నట్టు గానీ, తలుపు ఉన్నట్టు గానీ చెప్పే ఫొటో ఒక్కటంటే ఒక్కటి లేదు.

మామయ్య ఫొటోలు చూడటం మానేసి చేతులు చూసుకుంటున్నాడు. పెద్దమ్మ ఒక ఫొటోను కిటికీ వెలుగులోకి ఎత్తి చాలాసేపు చూసి, నెమ్మదిగా అడిగింది: "ఒరే తమ్ముడూ, మన ఇల్లు సూసి సిగ్గుపడినావేట్రా?" ఆయన అబద్ధం ఆడొచ్చు. కళ అనొచ్చు, లెన్సు గొప్పతనం అనొచ్చు, మాకు రోజూ చెప్పేవి అవే. ఆయన మాత్రం "అవునప్పా" అన్నాడు. అంతే, ముసలాయన పిల్లాడిలా ఏడ్చాడు. బడిలో తోటివాళ్లు రేకుల ఇంటివాడా అని పిలిచేవాళ్లట. ఆ ఇల్లు ఫొటోలో పడకుండా ఎలా తియ్యాలా అని తల బద్దలు కొట్టుకునే ఆ విద్యంతా నేర్చుకున్నాడట. ఎవర్నని ఏమనగలను? పక్కన కూర్చున్న నేను పూలతోట ఆవిడ కూతుర్ని. నాకూ తల ఎత్తబుద్ధి కాలేదు.

ఉత్త చేతులతో వెళ్లలేక ఆ మసక ఫొటోలే పట్టుకుని ఆఫీసుకు వెళ్లాం. అక్కడి అమ్మాయి జులూ పిల్ల, పాతికేళ్లుంటాయేమో. పెద్దమ్మను "గోగో" అని, అంటే వాళ్ల భాషలో అవ్వా అని పిలిచి కుర్చీ వేసింది. ఫొటోలు చూసి, ఇందులో ఇల్లేది గోగో అని అడిగింది. పెద్దమ్మ సంతలో కూరలమ్మిన మనిషి, జులూ గడగడా వచ్చు. కుర్చీ ముందుకు జరుపుకుని ఆ మసక మీద వేలు పెట్టింది. ఈ నల్ల మరక వంటకొట్టం. ఈ తెల్ల చుక్క నీళ్ల తొట్టి, దాని అంచు పగిలింది, పగలగొట్టింది వీడే. ఇది పశువుల పాక, ఇదిగో ఈ సన్నటి గీత గుమ్మం పక్క రాట, అయ్య దాని మీద మా ఎత్తులు కత్తితో గీసేవాడు. మాకు ఏమీ లేనిచోట ఆవిడకు మేకులతో సహా ఇల్లంతా కనపడుతోంది. ఆ అమ్మాయి మొదట కలం పట్టుకుని ఊరికే వింది, తర్వాత రాసుకోవడం మొదలుపెట్టింది. మూడు పేజీలు రాసింది. చదివి వినిపించి, గోగో మాటనే సాక్ష్యంగా పెడతాను, మీరు ఆ జాగా ఎక్కడో చూపించి ఒక ఫొటో తీసి ఇవ్వండి, వెనకాల గుట్టా ఏరూ కనపడాలి, అని చెప్పింది. ఆ చివరి మాట అంటూ మామయ్య వైపు చూసింది, పాపం వేళాకోళానికి కాదు.

ఆ శనివారం మా ఆయన కారులో నలుగురం వెళ్లాం. లాక్కున్న నేలలో ఎవరూ ఏమీ కట్టలేదు. అదే నాకు ఒళ్లు మండించింది. కడితే కట్టారులే అనుకోవచ్చు, ఇరవై ఏళ్లుగా ఊరికే పడి ఉంది. నడుం ఎత్తు గడ్డి, అడవి ఆముదం, గాలికి కొట్టుకొచ్చిన ప్లాస్టిక్ సంచులు. మామయ్య అటు తిరిగి ఇటు తిరిగి దిక్కు తెలియక నిలబడిపోయాడు. పెద్దమ్మ మాత్రం ఎదురు గుట్టనూ ఏటి మలుపునూ ఒకసారి చూసుకుని, చీర కుచ్చిళ్లు ఎత్తి పట్టుకుని గడ్డిలోకి నడిచింది. ఒకచోట ఆగింది. చెప్పులు విప్పింది. కుడికాలు బాగా పైకెత్తి, గడప దాటినట్టు దాటి, అవతల నిలబడి మా వైపు తిరిగింది. అక్కడ గడప లేదు, గడప రాయి కూడా లేదు. మా ఆయన మొహం పక్కకు తిప్పుకున్నాడు.

మామయ్య స్టాండు వేసి కెమెరా బిగించాడు. రింగు రెండు అంకె నుంచి కదలనంటే రుమాలు చుట్టి తిప్పాడు, పదహారు దాకా. అక్కను ముందుకు రమ్మనలేదు. ఆవిడ నిలబడ్డ చోటు నుంచి తనే వెనక్కి, ఇంకా వెనక్కి నడిచి, గుట్టా ఏరూ ఆకాశమూ అన్నీ పట్టేదాకా వెళ్లాడు. గాలి ఆగేవరకు కాచుకున్నాడు. "ఊపిరి బిగబట్టప్పా" అని ఇంగ్లీషులోనే కేకేశాడు. ఒక్కటే తీశాడు.

నాలుగు రోజులకు అచ్చు వేసి తెచ్చాడు. గడ్డిపరకలు ఒక్కొక్కటీ విడివిడిగా, గుట్ట మీద రాళ్లు, ఏట్లో మెరుపు, ఆముదం కాయల ముళ్లు కూడా తెలుస్తున్నాయి. మధ్యలో బొటనవేలంత పెద్దమ్మ. ఆవిడ కళ్లజోడు పెట్టుకుని, మూలలన్నీ వెతికినట్టుగా చూసి, బల్ల మీద పెట్టి, "బాగా వచ్చినాదిరా. ఏటీ లేదని బాగా తెలస్తంది" అంది. నిష్ఠూరంగా కాదు. తమ్ముడి తల నిమిరి, అన్నం వడ్డించడానికి లేచింది.

ఆ నేల వాళ్ల నాన్నదేనని ఒప్పుకుంటూ, ఆయన పేరు పూర్తిగా రాసి, ఉత్తరం రావడానికి మరో మూడేళ్లు పట్టింది. అప్పటికి పెద్దమ్మ పోయి ఎనిమిది నెలలు. కర్మ రోజున దండ వేయడానికి అందమైన ఫొటోలు రెండు వందలు ఉన్నా, మామయ్య ఆ గడ్డిలో ఫొటోనే పెట్టాడు. ముఖమైనా సరిగ్గా కనపడదే అని చుట్టాలు సణిగారు. ఆయన దండ సర్ది దీపం వెలిగించాడు. ఉత్తరం వచ్చిన రోజు దాన్ని ఆ ఫొటో ముందు నిలబడి, తనకు రాని తెలుగులో చెప్పాలని చూసి, రెండు మాటలు చెప్పి ఆగిపోయి, మిగతాది ఇంగ్లీషులోనే పైకి చదివాడు. నేను గుమ్మం దగ్గరే నిలబడి విన్నాను. ఉన్నదాన్ని కళ్లారా చూసుకోవడానికి మనిషికి ఎప్పుడూ ఒక ఇరవై ఏళ్లు ఆలస్యమవుతుంది.