నాలుగో అంతస్తుకి సైకిల్

పార్సిల్ ఆఫీసులో ఆమెని అందరూ కాటా అక్క అనేవారు. అసలు పేరు జీతం కాగితం మీద తప్ప ఎక్కడా కనిపించేది కాదు. పొట్లం చేతిలోకి తీసుకుంటే చాలు, బరువు చెప్పేసేది. పావుకిలో తేడా వస్తే ఒట్టు! ఆ విషయంలో ఆమెకి కాస్త గర్వం ఎక్కువే. ఉండనివ్వండి, గర్వపడటానికి ఆమెకి ఇంకేముంది పాపం!

ఇంట్లో మంచం పట్టిన అమ్మ ఉంది. మధ్యాహ్నం ఒంటిగంటకి కూతురొచ్చి మందు పట్టకపోతే ముసలామెకి ఆయాసం తన్నుకొచ్చేది. భోజనాల విరామం చూస్తే ముప్పావుగంట. బస్సుని నమ్ముకుంటే రోజూ తలప్రాణం తోకకొచ్చేది. అందుకని సైకిల్ కొనాలనుకుంది. కింద పెడితే మాయమైపోతుంది. లిఫ్టు లేని మేడలో నాలుగంతస్తులు మోసుకెళ్ళాలి కాబట్టి తేలిగ్గా ఉండాలి. గేర్లూ గీర్లూ లేనిదైతే రిపేర్ల బెడదా ఉండదు. అలాంటిది కొట్లో చూసి ధర అడిగితే కళ్ళు బైర్లు కమ్మాయి.

చివరికి కళ్ళద్దాలు బిగించే ఒక ముసలాయన దగ్గర పాతది దొరికింది. ఆయన ఉండేదీ లిఫ్టు లేని మేడలోనే, మూడో అంతస్తులో. నల్ల రంగు, సన్నటి చక్రాలు.

"బరువెంతుంటుంది బాబాయ్?" అని అడిగింది.

"మాకెప్పుడూ బరువనిపించలేదమ్మా," అన్నాడాయన.

ఆయన అడిగిన ధర ఆమె తెచ్చుకున్నదానికంటే తక్కువే. హ్యాండిల్ దగ్గర పట్టుకుని మెట్లు దిగుతుంటే, ఎనిమిది కిలోలు అంది చెయ్యి. ఎంత అదృష్టం అని మురిసిపోయింది పిచ్చిది.

నెలరోజులు హాయిగా గడిచాయి. చిరాకల్లా అమ్మతోనే. అమ్మ మంచం గుమ్మానికి ఎదురుగా ఉండేది.

"ఎవరే ఆ పెద్దావిడ? రోజూ వెనకచక్రం పట్టుకుని నీతో పాటే పైకి తెస్తోంది. నువ్వొక్క మాటైనా మాట్లాడవేం?"

"మందు మత్తులో ఏవేవో చూస్తున్నావు, పడుకో," అని కసురుకునేది కూతురు.

ఒకరోజు ఆఫీసులో వ్యాను డ్రైవరు పందెం వేశాడు. "ఇది ఎనిమిది కిలోలేంటక్కా, అంతా ఇనుమైతే!"

"పెట్టి చూపిస్తా ఉండు," అని సైకిల్ని ఒంటిచేత్తో కాటా మీదికి ఎత్తబోయింది. లేవలేదు. రెండు చేతులా ఎత్తి పడేసింది. పదిహేడు కిలోలు! డ్రైవరు పగలబడి నవ్వాడు. ఆమెకి నవ్వు రాలేదు. ఆఫీసులో మెట్లు లేవు. ఇన్నాళ్ళూ మెట్ల మీద తప్ప ఈ సైకిల్ని తను ఎక్కడా ఎత్తలేదని అప్పుడు తట్టింది.

సాయంత్రం నేరుగా ఆ ముసలాయన ఇంటికి వెళ్ళి నిలదీసింది. ఆయన అద్దాలు తీసి తుడుచుకుంటూ చెప్పాడు.

"నేను ముందు పట్టుకునేవాణ్ణి, మా ఆవిడ వెనకచక్రం పట్టుకునేది. ఆవిడ పోయాక ఒకరోజు ఒక్కణ్ణే పైకి ఎక్కించాను. అప్పుడూ తేలిగ్గానే ఉంది. వెనక్కి తిరిగి చూసే ధైర్యం లేకపోయింది తల్లీ. అందుకే అమ్మేశాను."

ఆ రాత్రి సైకిల్ని గుమ్మం బయట వరండాలో ఒక మూలకి నెట్టేసి, మర్నాటి నుంచి మళ్ళీ బస్సెక్కింది. మూడోరోజు బస్సు దారిలో ఆగిపోయింది. ఇల్లు చేరేసరికి రెండు దాటింది. అమ్మ కళ్ళు తేలేసి, ఊపిరి కోసం కొట్టుకుంటోంది. అంబులెన్సుకి ఫోన్ చేస్తే, "బండి వచ్చేస్తోంది, పేషెంటుని కిందికి దించండి," అన్నారు. పక్క వాటాలన్నిటికీ తాళాలు.

అమ్మ నలభై ఆరు కిలోలు. వీపున వేసుకుని లేవబోతే మోకాళ్ళు నేలకి కొట్టుకున్నాయి. మళ్ళీ ప్రయత్నించింది. కాదు. ఇక సిగ్గూ భయమూ వదిలేసి గుమ్మం వైపు అరిచింది.

"పెద్దమ్మా! ఉంటే కాస్త పట్టుకోండి, మీకు పుణ్యముంటుంది!"

వీపు తేలికైంది. సగానికి సగం తగ్గింది. వెనక్కి చూడకుండా గబగబా మెట్లు దిగింది. మూడో అంతస్తు దగ్గర ఇరవై కిలోలు. రెండో అంతస్తు దగ్గర పది. చేతులకి తెలిసిపోతోంది. పరుగు పెట్టొచ్చు, అంత తేలిక. మొదటి అంతస్తు చేరేసరికి వీపు మీద మడత పెట్టిన దుప్పటంత బరువు కూడా లేదు. మెడకి తగులుతున్న ఊపిరి ఆగిపోయింది.

అప్పుడు అర్థమైంది ఆమెకి. బరువుతో పాటు అమ్మ ప్రాణమూ పెద్దావిడ చేతుల్లోకి పోతోంది.

"వద్దు! వదిలెయ్యండి! మీరు మొయ్యొద్దు," అని ఏడుస్తూ కేకలు పెట్టింది. "మా అమ్మ బరువు నాకు కావాలి. మొత్తం నాకిచ్చెయ్యండి!"

రెండు మెట్లు దిగేదాకా ఏమీ జరగలేదు. తర్వాత ఒక్కసారిగా బరువంతా వీపు మీద పడింది. నడుం వంగిపోయింది, చేతికందిన కమ్మీని పట్టుకుంది. మెడ మీద వేడిగా ఊపిరి తగిలింది.

"మెల్లిగా... పడేస్తావే," అంది అమ్మ.

ఇంకా పద్దెనిమిది మెట్లున్నాయి. ఒక్కొక్కటే దిగుతూ, అమ్మని ఆమె ఒక్కతే దింపింది.