పన్నెండో నవల రాసిన ప్రూఫుల బాబాయి

మా ప్రెస్సులో నాది బైండింగు బల్ల, ప్రూఫుల బాబాయిది కిటికీ పక్క కుర్చీ. ఇరవై ఆరేళ్ళు అలాగే కూర్చున్నాం. నా వేలికి సూది గుచ్చుకుంటే నేను అబ్బా అనేలోపే ఆయన సొరుగులోంచి దూది తీసేవాడు. అలాంటి మనిషిలో కూడా కుళ్ళుమోతుతనం ఉంటుందని నేననుకోలేదు. దేవుడు మంచివాళ్ళకీ ఏదో ఒక ముల్లు పెట్టే పంపుతాడేమో.

పెద్ద రచయిత్రిగారు ఒక పడవల ఊరిని మనసులో పుట్టించుకుని, దాని మీదే పదకొండు నవలలు రాశారు. అన్నిటి ప్రూఫులూ బాబాయే దిద్దాడు. పడవవాడి పెద్దకూతురి వయసెంత, ఏ సందులో ఎవరి ఇల్లు, ఎవరికి ఎవరితో మాటల్లేవు, అన్నీ అట్టముక్కల మీద రాసి చెప్పుల డబ్బాలో దాచేవాడు. కొత్త నవల మొదలుపెట్టినప్పుడల్లా ఆవిడే ప్రెస్సుకి ఫోన్ చేసి, పోస్టుమాస్టరు చేత చుట్ట మాన్పించేశానా, ఇంకా తాగుతున్నాడా అని అడిగేవారు. ఆ రోజంతా బాబాయి కాలు నేల మీద ఆనేది కాదు.

ఆవిడ కాలం చేశాక బాబాయి ఏడాదిన్నర కూర్చుని, ఆ ఊరి మీదే పన్నెండో నవల తను రాశాడు. నాలుగు పొడుగాటి నోటు పుస్తకాలు. వాటిని గుడ్డసంచిలో పెట్టుకుని ఆవిడ కూతురి దగ్గరికి వెళ్ళాడు. ఆమెకి మందుల షాపు ఉంది. జనం నిలబడి ఉన్నా ఆయన్ని లోపల కూర్చోబెట్టి, మంచినీళ్ళిచ్చి, ఫ్యాను ఆయనవైపు తిప్పి, అప్పుడు చెప్పిందట. ఆ ఊరూ, ఆ మనుషులూ అమ్మ సృష్టి. అమ్మ పోయినా ఇంకా చాలా ఏళ్ళపాటు వాటి మీద హక్కు కుటుంబానిదేనని లాయరు చెప్పాడు. ఇంట్లో రాసుకుంటే ఎవరూ అడగరు గాని, అచ్చు వేసి అమ్మాలంటే అనుమతి ఉండాలి. ఆ అనుమతి ఒక్కరికే ఇవ్వదలచుకుని, అప్పటికే ఒక టీచరమ్మకి సంతకం పెట్టి ఇచ్చేసింది.

ఆ రోజు నుంచి బాబాయికి అన్నం సయించలేదు. పేపర్లో టీచరమ్మ ఫోటో పడితే దాని మీద టిఫిను డబ్బా పెట్టుకుని తినేవాడు. ఆ ఊళ్ళో ఏ తలుపు ఎటు తెరుచుకుంటుందో ఆవిడకేం తెలుసని నన్నడిగేవాడు, నాకు తెలిసినట్టు. ఆ టీచరమ్మ మంచిదటగా అని ఒకసారి నోరు జారాను. రెండు రోజులు నాతో మాటల్లేవు.

తీరా టీచరమ్మ రాసిన నవల ప్రూఫులు వచ్చి పడింది ఆయన బల్ల మీదే.

ఏడో అధ్యాయంలో పడవవాడు రేవు మెట్ల మీద కూర్చుని ఏడుస్తాడు. ఆ మెట్లు మూడో నవలలోనే వరదకి కొట్టుకుపోయాయి. ఆ సంగతి లోకంలో బాబాయికి తెలిసినంత ఖాయంగా ఎవరికీ తెలియదు. పెన్ను ఎత్తాడు, మళ్ళీ దించేశాడు. పేజీ తిప్పేశాడు. జీవితంలో తప్పు చూసి కూడా వదిలిపెట్టడం అదే మొదటిసారి.

నాలుగు రోజులకి టీచరమ్మ ఆ కాగితాలు పట్టుకుని స్వయంగా వచ్చింది. వస్తూనే, కింద పడి ఉన్న నా దారపు ఉండ తీసి బల్ల మీద పెట్టింది.

"ఏడో అధ్యాయానికే భయపడ్డాను బాబాయ్ గారూ. మీ ఎర్రగీత ఒక్కటి కూడా లేదు. అంటే ఆ ఊరు నాకు పట్టుబడినట్టేగా?"

బాబాయి కిటికీలోంచి బయటికి చూశాడు. తరవాత ఆ కాగితాలు తన ముందుకు లాక్కుని ఎర్రగీత పెట్టాడు.

"మెట్లు లేవమ్మా. వరదకి పోయాయి."

"మొన్న చూళ్ళేదా మరి?"

"చూశాను."

ఆమె కుర్చీ లాక్కుని కూర్చుంది. తనూ ఒక నవల రాశానని ఆయన చెప్పి, సొరుగులోంచి గుడ్డసంచి తీసి ఆమె ముందు పెట్టాడు. కనీసం ఈమెకైనా ఆ పుస్తకాల విలువ తెలుస్తుందనుకున్నాడు. ఆమె పైపుస్తకం మీద చెయ్యి వేసి, వెనక్కి తీసుకుంది.

"నేను చదవకూడదు బాబాయ్ గారూ. చదివితే రేపు నేను రాసేదాంట్లో మీదేదో నాదేదో నాకే తెలీదు. మీ సొమ్ము ఎత్తుకుపోయినదాన్నవుతాను."

ఆమె అన్నది న్యాయమే. కానీ తిట్టినా బాబాయికి అంత బాధ కలిగేది కాదు.

సంచి ఇంటికి వెళ్ళిపోయింది. ఆ నాలుగు పుస్తకాలూ చివరికి చదివింది పిన్ని. ఆయన పని కాగితాలు ముట్టుకోకూడదని పట్టుబట్టి కూర్చున్న మనిషి ఆవిడ. ఆ పదకొండు నవలల్లో ఒక్కటి కూడా చదవలేదు. రెండు ఆదివారాలు మధ్యాహ్నం వంటింటి గడప మీద కూర్చుని చదివి, "ఈ పడవవాడు బంగారమండీ" అంది.

"వాడు నావాడు కాదు."

"పోనీ ఆ పోస్టుమాస్టరు?"

"వాడూ కాదు."

"మరి మీవాళ్ళెవరూ ఇందులో?"

బాబాయి చాలాసేపు వెతుక్కున్నాడట. కళ్ళజోళ్ళు బాగుచేసే ముసలమ్మ ఒక్కతే దొరికింది.

"అయితే ఆవిణ్ణి తీసుకొచ్చెయ్యండి. పరాయివాళ్ళింట్లో ఎన్నాళ్ళు పడుంటుంది పాపం."

ఇప్పుడు ఆ ముసలమ్మకి నది లేదు, పడవలు లేవు. బస్సులు ఆగే ఒక చౌరస్తాలో చిన్న దుకాణం పెట్టింది. ఇరవై పేజీలయ్యాయి. రోజూ కాస్త చదివి వినిపిస్తున్నాడు; నవ్వొచ్చేచోట నాకు నిజంగానే నవ్వొస్తోంది.

మొన్న టీచరమ్మ నవల రెండో ముద్రణ నా బల్లకి వచ్చింది. బాబాయి వచ్చి, కుట్టిన ప్రతుల దొంతర మీద చెయ్యి ఆనించి, ఎన్ని వేస్తున్నారని అడిగాడు. చెప్పాను. రెండు వందలు తగ్గించి చెప్పాను, దేవుడు క్షమించాలి.