ఖాళీ దండెం

పోయిన నెల నా మనవరాలు నన్ను ఆటోలో ఎక్కించుకుని బిట్రగుంటలో పాత ఫోటోలు పోగుచేసే గదికి తీసుకుపోయింది. కాలేజీ పిల్లలు కొందరు ఇంటింటికీ తిరిగి రైల్వే కాలపు ఫోటోలు, కాగితాలు, లాంతర్లు తెచ్చి అక్కడ పెడుతున్నారు. బొగ్గు ఇంజన్ల రోజులు చూసినవాళ్లం వేళ్ల మీద లెక్కపెట్టేంతమందే మిగిలామట. అందుకని నన్నూ ఆ లాంతర్ల పక్కనే కుర్చీ వేసి కూర్చోబెట్టారు. బల్ల మీద ఫోటోలు రెండు దొంతరలుగా ఉన్నాయి. ఒకటి గోడకు తగిలించేవి: ఇంజన్లు, వాటి ముందు మీసాలు దువ్వుకుని నిలబడ్డ డ్రైవర్లు. రెండోది ఇచ్చినవాళ్లకు తిరిగి ఇచ్చేసేవి. ఆ రెండో దొంతరలో పైనున్నదాన్ని చూసి చెయ్యి చాపాను. "అది వద్దులే అవ్వా, అందులో మనుషులెవరూ లేరు," అంది ఆ పనంతా చూస్తున్న అమ్మాయి. "ఎవురూ లేకపోవడమేంది తల్లీ, అందరూ ఉండారు," అన్నాను.

అది మా క్వార్టర్ల వరసను పెరటివైపు నుంచి, నీళ్ల ట్యాంకు ఎక్కి తీసిన ఫోటో. అయిదు పెరళ్లు, అయిదు దండేలు. మొదటి దండెం మీద మోకాళ్ల దగ్గర మాసికలు వేసిన నీలం ప్యాంట్లు డ్రైవరు గారివి. ఎంత పెద్ద బండి నడిపినా ఆయన ఒంటి మీద ఉండేవి భార్య కుట్టిన మాసికలే. పక్క దండెం నిండా చంటిపిల్లల గుడ్డలు. ఆ ఇంటావిడకు రెండు కాన్పుల్లోనూ కవలలే. మూడోది మద్రాసు నుంచి వచ్చినావిడది, తొమ్మిది గజాలకు తక్కువ చీర కట్టేది కాదు, దండెం చాలక సగం చీర గోడెక్కేది. నాలుగోది గార్డు అక్కది. తెల్ల కోట్లు, తెల్ల ప్యాంట్లు, గంజి పెట్టి ఆరేస్తే అట్టల్లా నిలబడేవి. రైలు గార్డు ఉద్యోగం భర్తదైనా గార్డు అన్న పేరు ఆమెకే స్థిరపడింది. మొగవాళ్ల పేర్లన్నీ రైల్వే కాగితాల్లో దొరికాయి గానీ ఆడవాళ్లవి ఎక్కడా లేవంటూ అమ్మాయి గబగబా రాసుకుంది. చివరి దండెం మీద వేలు పెట్టి, "ఇది ఖాళీగా ఉందే, ఈ ఇల్లెవరిదవ్వా?" అని అడిగింది. "గ్యాపకం లేదమ్మా," అన్నాను. నా జ్ఞాపకశక్తికి జడిసి మా ఇంట్లో పాత గొడవలు నా ముందు ఎత్తరు. అలాంటిదాన్ని అంత అబద్ధం ఆడాను. ఆ దండెం నాదే.

మా పుట్టిల్లు మైపాడు. నాన్న సముద్రంలోకి పడవ మీద చేపల వేటకు పోయేవాడు. మా ఆయన బిట్రగుంట ఇంజన్ల షెడ్డులో ఫైర్‌మన్, ఇంజన్ పొయ్యిలోకి బొగ్గు ఎత్తిపోసే పని. పెళ్లయి వచ్చిన మొదటి వారంలోనే నేను ఆరేసిన తెల్లచీర చిరుతపులి చర్మమై చేతికొచ్చింది. షెడ్డు మా ఇళ్లకు తూర్పున ఉండేది. పొద్దున పడమటి గాలికి పొగ అటే పోయేది గానీ, మధ్యాహ్నం సముద్రపు గాలి తిరిగిందంటే మసి అంతా మా పెరళ్లలోనే. ఏ వేళకు తిరుగుతుందో రోజుకో తీరు. అది నాకు ముందే తెలిసిపోయేది. ఇందులో గొప్పేం లేదు, మా మైపాడులో చంటిపిల్లలకూ తెలుసు: చెవి వెనక చల్లగా తగులుతుంది, కాకులు తూర్పుకు ముఖం తిప్పి కూర్చుంటాయి. "గుడ్డలు తీయండక్కా!" అని నేను కేకేస్తే అయిదిళ్లవాళ్లూ ఉరికొచ్చేవాళ్లు. "ఏం మే, నీ చెవి ఏమంటా ఉండాది?" అని అడిగాకే గార్డు అక్క గంజి కలిపేది. మూడో తరగతితో ఆగిపోయిన నాకు పెరటి బండ మీద బొగ్గుముక్కతో మళ్లీ గుణింతాలు దిద్దించిందీ ఆమే. ఇప్పుడిది రాస్తున్నానంటే ఆ బొగ్గు చలవే.

ఒక ఎండాకాలం నా చెవి నన్ను మోసం చేసింది. గాలి ముందే తిరిగింది, అందరి ఉతుకూ పాడైంది. కొళాయి దగ్గర గార్డు అక్క, "దీని ముక్కుకి చేపల వాసన తప్ప ఇంకేం తెలుస్తాది!" అనేసింది. అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వుతూనే అంది, మరుక్షణమే మరిచిపోయింది. మా అమ్మ పంపిన ఎండుచేపలు అడిగి మరీ పట్టుకుపోయేది కూడా ఆమే. నేను మాత్రం మరవలేదు. పైకి ఏమీ అనకుండా రోజూలాగే కేకలు వేస్తూ వచ్చాను.

పది రోజులకు పెద్ద ఆఫీసరు తనిఖీకి వస్తున్నాడన్నారు. ఆ సందడి ఫోటోలు తీయడానికి వచ్చినవాడు నీళ్ల ట్యాంకు ఎక్కాడు. ఆ రోజు కొళాయి ఆలస్యంగా వచ్చింది. గార్డు అక్క ఉన్న రెండు జతలూ ఉతికి, నేను కేకేస్తానన్న ధీమాతో ఆరేసి లోపలికి పోయింది. సాయంత్రం గార్డు గారు వాటిలో ఒకటి తొడుక్కుని ఆఫీసరు ముందు నిలబడాలి. నా చెవి వెనక చల్లగా తగిలింది. చప్పుడు చేయకుండా నా గుడ్డలు మాత్రం తీసుకుని లోపలికి పోయి తలుపు వేసుకున్నాను. సరిగ్గా అప్పుడే ఆ పైనున్నవాడు ఫోటో తీసి ఉంటాడు.

కాసేపటికి పెరళ్లలో గగ్గోలు. తలుపు వెనక కూర్చుని తిట్ల కోసం ఎదురుచూశాను. తలుపు తట్టింది గార్డు అక్క. చేతిలో బూడిదరంగు కోటు. నా నుదుటి మీద చెయ్యి పెట్టి, "ఏంది మే, ఒంట్లో బాగలేదా? కేకెయ్యలేదంటే పడుకోని ఉంటావనుకున్నా," అంది. నేను కోటు అందుకుని బండ దగ్గరికి నడిచాను. ఇద్దరం కలిసి ఒక జత మళ్లీ ఉతికి, బొగ్గుల ఇస్త్రీపెట్టెతో ఆవిరి పోయేదాకా రుద్దాం. గార్డు గారు తడి కాలరుతోనే పోయి నిలబడ్డారు. ఆఫీసరు అది చెమటనుకుని, బాగా కష్టపడుతున్నావని మెచ్చుకున్నాడట. ఆ మాట చెప్పుకుని ఆమె నెల రోజులు నవ్వింది. ఆ నవ్వు చూస్తూ నిజం చెప్పలేకపోయాను. తర్వాత వాళ్లకు బదిలీ అయింది. రెండు ఉత్తరాలు రాసింది. ఆమె దిద్దించిన అక్షరాలతోనే జవాబు రాశాను గానీ ఆ ఒక్క సంగతీ రాయలేదు. మూడో ఉత్తరం ఆమె కొడుకు రాశాడు, అమ్మ పోయిందని.

ఫోటో చూసి ఇంటికొచ్చాక అన్నం సయించలేదు. మరునాడు పొద్దున్నే మళ్లీ ఆటో పిలవమన్నాను. అప్పటికే ఆ తిరిగి ఇచ్చేసే దొంతరకు దారం కట్టేశారు. విప్పించాను. "ఆ ఖాళీ దండెం నాదమ్మా. గాలి తిరగతాదని తెలిసి కూడా చెప్పలా. రాసుకో," అని జరిగిందంతా చెప్పాను. అమ్మాయి కలం ఆపి నా ముఖంలోకి చూసింది. "ఇది కూడా రాయాలా అవ్వా? గోడ మీద అందరూ చదువుతారు." "అందరి గుడ్డలూ చెప్పి నావి దాచుకుంటే ఎట్టా తల్లీ? రాయి. గార్డు అక్క పేరు మాత్రం పైన పెద్దగా రాయి."

ఇప్పుడా ఫోటో ఇంజన్ల మధ్య వేలాడుతోంది. షెడ్డులో పొగ ఆగిపోయి చాలా కాలమైంది. ఏ వేళకైనా గుడ్డలు ఆరేసుకోవచ్చు, ఎవరికీ ఎవరి కేకా అక్కర్లేదు. అయినా మధ్యాహ్నం చెవి వెనక చల్లగా తగలగానే లేచి దండెం దాకా పోతాను. సముద్రపు గాలి రోజూ ఆ వేళకు తిరిగొస్తూనే ఉంది. ఆ రోజు మింగేసిన కేక నా నోటి నుంచి బయటికి రావడానికి మాత్రం అరవై ఏళ్లు పట్టింది.