అమ్మమ్మ పెదవులు, కొత్త టీవీ

మా పిన్ని బట్టలు కుడుతుంది. గోడంత టీవీ కొన్నాక, చనిపోయిన అమ్మమ్మ కనబడే ఒకే ఒక్క వీడియో క్యాసెట్టు బయటికి తీసింది. ఎప్పుడో మామయ్య తీసింది అది. అందులో అమ్మమ్మ కుట్టుమిషను ముందు పెదవులు బిగించి కూర్చుని ఉంటుంది. వీడియో తీస్తున్నందుకు ఆమెకు కోపమొచ్చిందని ఇంట్లో అందరూ చెప్పుకునేవారు.

పాత ప్లేయరు తీగ కొత్త టీవీకి పట్టలేదు. పాత సిగ్నలును మార్చి ఇచ్చే చిన్న పెట్టె ఒకటి తెచ్చి పెడితే బొమ్మ వచ్చింది. కానీ బక్కపలచని అమ్మమ్మ కాస్తా గుమ్మడికాయలా ఉబ్బిపోయింది. మొహం మైనం పూసినట్టు నున్నగా ఉంది.

"అమ్మ ఇంత లావెప్పుడుందే?" అంది మా అమ్మ.

పిన్ని టీవీ మెకానిక్కును పిలిచింది. "పాత బొమ్మ దాదాపు చదరమమ్మా. మీ తెర వెడల్పు. అందుకే సాగదీస్తోంది," అంటూ అతను రిమోటుతో కొలత సరిచేశాడు. అమ్మమ్మ సన్నబడింది.

"మరి మొహం?" అడిగింది పిన్ని.

"క్యాసెట్టులో ఉన్న చుక్కలు తక్కువ. ఈ తెరకు ఎన్నో రెట్లు కావాలి. పక్క చుక్కల్ని చూసి, లేనివాటిని టీవీ ఊహించి నింపుతుంది."

"అయితే నేను చూసేదాంట్లో అమ్మ ఎంత, టీవీ ఎంత?"

"అది నాకూ తెలీదమ్మా. నింపడం ఆపలేం. సన్నటి వివరాల్ని కూడా మచ్చలనుకుని చెరిపేసే సెట్టింగులుంటాయి, అవి ఆపొచ్చు."

అతను వెళ్లాక పిన్ని రిమోటు పట్టుకుని కూర్చుంది. ఒక్కో సెట్టింగూ ఆపడం, క్యాసెట్టు వెనక్కి తిప్పడం. బొమ్మ నిండా ఇసుక చల్లినట్టయింది. "ముందే నయం," అని అమ్మ విసుక్కుంది.

అంతలో అమ్మమ్మ పెదవుల దగ్గర సన్నని మెరుపు కనబడింది. సెట్టింగు పెడితే మాయం, తీస్తే ప్రత్యక్షం.

"తెర మీది ఇసుక రవ్వలేమోనే," అంది అమ్మ.

"రవ్వలు ఒకచోట నిలవవక్కా. ఇది అమ్మ తల తిప్పితే తనతోపాటే తిరుగుతోంది."

పిన్ని కాసేపు ఆలోచించి, కుడుతున్న జాకెట్టు నుంచి రెండు గుండుసూదులు తీసి పెదవుల మధ్య పెట్టుకుంది. అమ్మ తెరనూ చెల్లెలినీ మార్చి మార్చి చూసింది. రెండు మొహాల్లోనూ అదే బిగువు.

"నోట్లో సూదులు పెట్టుకుని ఎవరైనా ఎలా నవ్వుతారు?" అంది పిన్ని, వాటిని తీసేసి.

మామయ్యకు ఫోను చేసి చెప్పింది.

"అమ్మకు ఇష్టం లేదనుకునే మళ్లీ తీయలేదే," అన్నాడు మామయ్య. "ఆ సెట్టింగు ఆపే ఉంచు. ఆదివారం వస్తాను."